పసుపు అంచు పుస్తకం వచ్చే ఇల్లు

మా వీధిలో ఒక్క ఇంటికే అమెరికా నుంచి నెలనెలా పుస్తకం వచ్చేది. ఆ ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగినవాళ్లు ఎవరూ లేరు. తాత తిరుపతి గోవిందరాజస్వామి గుడి దగ్గర ఇత్తడి పాత్రల అంగడి నడిపి, వయసు మీదపడ్డాక మానుకున్న మనిషి. తెలుగూ అరవమూ చదివేవాడు. అవ్వకు సంతకం వరకే వచ్చు. వాళ్ల పెద్దకొడుకు ఊళ్లోనే ఎస్వీ మెడికల్ కాలేజీలో చదివి అమెరికా వెళ్లాడు. 1960లో పెట్టిన ఆ కాలేజీ నుంచి, 1965లో అమెరికావాళ్లు వలస చట్టం మార్చిన తర్వాత, అట్లా వెళ్లిన డాక్టర్లు చాలామందే ఉన్నారు. ఇంటికి డబ్బు డ్రాఫ్టుగా వచ్చేది, క్షేమసమాచారం నీలిరంగు ఏరోగ్రామ్ మీద వచ్చేది. ఇవి కాక, తండ్రి పేరు మీద కొడుకు అక్కడే డాలర్లు కట్టి పంపించే కానుక చందా ఒకటి ఉండేది. అదే నేషనల్ జియోగ్రాఫిక్.

ఇంగ్లీషు రాని తల్లిదండ్రులకు ఆ పుస్తకం ఎందుకని వీధిలో అనుకునేవాళ్లు. ఆ డాలర్లు కూడబెట్టి పంపిస్తే ఇంటికి సున్నమన్నా కొట్టించుకోవచ్చు గదా అన్నవాళ్లూ ఉన్నారు. చందా కట్టడం దండగా కాదా అనే ప్రశ్న నేను మొదట విన్నది అప్పుడే, 1970ల చివర్లో, ఆ ఇంటి తిన్నె మీద. ఇప్పుడు మా బంధువుల పిల్లలు తమ పిల్లల కోసం అదే అడుగుతున్నారు: భూగోళం, యాత్రలు, అన్వేషణలు రాసే పత్రికకు ఈ రోజుల్లో డబ్బు కట్టడం అవసరమా అని. ఆ ఇంటి సంగతి చెప్పకుండా నేను దానికి జవాబు చెప్పలేను.

పుస్తకం ఓడ మీద వచ్చేది. జనవరి సంచిక మాకు ఎండలు ముదిరాక అందేది. పోస్టుమాన్ వీధి మొగదలలోనే "సామీ, అమెరికా పుస్తకం" అని కేకేసి, గోధుమరంగు రేపరు చుట్టిన కట్టను తాత చేతికిచ్చేవాడు. తాత వెంటనే విప్పేవాడు కాదు. దేవుడి పటాల కింద పెట్టి, సాయంత్రం దీపం వెలిగించాక, రేపరు చిరక్కుండా కత్తితో అంచు కోసి తీసేవాడు. చిరునామా అచ్చేసిన ముక్కను విడిగా దాచేవాడు. వాషింగ్టన్లో ఎవరో తన పేరు, వీధి పేరు, తిరుపతి పేరు అక్షరం పొల్లుపోకుండా అచ్చు కొట్టి పంపారన్నది ఆయనకు చాలా పెద్ద సంగతి. అవ్వ తిన్నె ఊడ్చి చాప పరిచి, "పాపా, ఇట్రా" అని నన్ను పిలిచేది. హైస్కూల్లో ఇంగ్లీషు కాస్త పట్టుబడిన పిల్లనని నాకా పని. వీధి పిల్లలంతా చుట్టూ చేరేవాళ్లు. ఫోటో కింద నాలుగు వరుసలు చదవడం, అర్థమైనంత తెలుగులో చెప్పడం, అర్థం కాని మాట తగిలితే రాత్రికి నాయనను అడిగి మర్నాడు చెప్పడం. మా నాయన హైస్కూల్లో సోషల్ మాస్టారు. వాళ్లింటికి వచ్చే పుస్తకం కోసం వాళ్లకంటే ఎక్కువగా ఎదురుచూసింది ఆయనే.

అవ్వ అడిగే ప్రశ్నలు మా పాఠ్యపుస్తకంలో ఉండేవి కావు. ఏ దేశం బొమ్మ చూపినా ఆమె మొదటి ప్రశ్న నీళ్ల గురించే. "ఈళ్లకు నీళ్లెట్ట? బాయి యాడుంది?" సహారాలో ఒంటెల బిడారు చూసినా, గ్రీన్‌లాండ్‌లో మంచు చూసినా అదే ప్రశ్న. చిత్తూరు జిల్లా మెట్టనేలలో పుట్టి, చిన్నప్పుడు మైలు దూరం నుంచి కడవ మోసిన మనిషికి దేశం అంటే మొదట నీళ్లు. తర్వాత వాళ్లేం తింటారు, గొడ్లకు మేత ఎక్కడిది, ఆడపిల్లను ఎంత దూరం ఇస్తారు. మేము రాజధానులూ ముఖ్య పంటలూ కంఠతా పట్టి పరీక్షలు రాస్తున్న రోజులవి. మనుషులు ఒక చోట ఎట్లా బతుకుతున్నారన్నదే భూగోళశాస్త్రం అని నాకు మొదట తెలిసింది బడిలో కాదు, సంతకం మాత్రమే వచ్చిన ఆ అవ్వ దగ్గర. 1984 డిసెంబరు సంచికలో రుతుపవనాల మీద పెద్ద వ్యాసం వచ్చింది. స్టీవ్ మెక్‌కరీ తీసిన ఫోటోలు. గుజరాత్‌లో మెడలోతు వరదలో కుట్టుమిషను భుజానికెత్తుకుని నవ్వుతూ నడిచే దర్జీ బొమ్మ అందులోదే. అవ్వ ఆ పేజీ తిప్పనివ్వలేదు. ఒక వాన తప్పితే చెరువులు బీటలువారే మా జిల్లాలో కూర్చుని, అన్ని నీళ్లను ఒక్కచోట చూడటం ఆమెకు ఆశగానూ భయంగానూ ఉండేది.

పుస్తకం పుట్టుపూర్వోత్తరాలు నాయనే మాకు చెప్పాడు. 1888 జనవరిలో వాషింగ్టన్లో 33 మంది ఒక క్లబ్బులో చేరి పెట్టిన సొసైటీ అది. ఆ ఏడాది అక్టోబరులో మొదటి సంచిక వచ్చింది. మొదట్లో ఫోటోలు లేవు, పండితుల కోసం రాసిన పొడి వ్యాసాలే. 1905 జనవరిలో పేజీలు నింపడానికి మ్యాటరు చాలక, సంపాదకుడు గిల్బర్ట్ గ్రోవనర్ టిబెట్ లాసా నగరం ఫోటోలు 11 పేజీల నిండా వేశాడు. బయటి ప్రపంచం అంతవరకు పెద్దగా చూడని ఊరది. పుస్తకం దశ తిరిగింది అక్కడే. 1910లో అట్టకు పసుపు అంచు వచ్చింది. దశాబ్దాల పాటు దాన్ని అంగళ్లలో అమ్మలేదు. చందా కట్టినవాళ్లను కొనుగోలుదారులనక సభ్యులనేవాళ్లు. ఆ లెక్కన తాత వాషింగ్టన్లోని ఒక సొసైటీ సభ్యుడు. ధ్రువయాత్రలకూ, సముద్రగర్భం వెతికే పడవలకూ, టాంజానియా అడవిలో చింపాంజీల మధ్య కూర్చున్న జేన్ గుడాల్‌కూ ఖర్చు పెట్టిన సొమ్ములో ఆయన కొడుకు కట్టిన చందా కూడా ఉందని నాయన చెప్పినరోజు తాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అయితే మనం గూడా పంపించినట్టేనా?" అన్నాడు. అవును మరి, పంపించినట్టే.

అప్పట్లో మనదేశంలో ఉండి సొంతంగా ఆ చందా కట్టడం తేలిక కాదు. డాలర్లకు రిజర్వు బ్యాంకు నిబంధనలుండేవి. బ్యాంకులో ఫారాలు నింపి, డ్రాఫ్టు తీసి, రిజిస్టరు పోస్టులో పంపాలి. కాలేజీలకు, పెద్ద గ్రంథాలయాలకు తప్ప మామూలు ఇళ్లకు అది అయ్యేపని కాదు. మాలాంటి ఊళ్లవాళ్లకు ఆ పుస్తకం దొరికే ఇంకో చోటు మద్రాసు సెంట్రల్ పక్కనున్న మూర్ మార్కెట్. నాయన జీతం చేతికొచ్చిన వారంలో ఎప్పుడైనా మద్రాసు బస్సెక్కితే, మాకు గుడ్డలకంటే ముందు అక్కడి పాత పుస్తకాల వరుసల్లోకి వెళ్లేవాడు. 1985 మే 30న ఆ మార్కెట్టు కాలిపోయింది. పేపర్లో ఫోటో చూసి నాయన ఆ పూట అన్నం తినలేదు.

మా ఇంటికి వచ్చే పత్రిక వేరే. సోవియట్ భూమి. తెలుగులోనే వచ్చేది, చందా చాలా తక్కువ, కాగితం నున్నగా మెరిసేది, కట్టినవాళ్లకు కేలండరు ఊరికే ఇచ్చేవాళ్లు. చదివినాక ఆ పేజీలు మా నోటుపుస్తకాలకు అట్టలయ్యేవి. సైబీరియా రైలుదారి వేసే కూలీలు, ఉజ్బెకిస్తాన్ పత్తిచేలు, బైకాల్ సరస్సు మా బడిసంచుల్లో ఏడాదంతా తిరిగేవి. సాయంత్రం తిన్నె మీద అమెరికా పుస్తకం, రాత్రి ఇంట్లో రష్యా పుస్తకం. రెండు దేశాలూ తమ గొప్ప చెప్పుకోవడానికే అంత ఖర్చుపెడుతున్నాయని నాయనకు తెలుసు. అయినా రెండూ చదివించాడు. సోవియట్ భూమిలో మనుషులు ఎప్పుడూ నవ్వుతూ పనిచేస్తుంటారని, జియోగ్రాఫిక్‌లో మనుషులు ఎప్పుడూ ఫోటో తీసేవాడివైపు చూస్తుంటారని ఆయన మాకు చూపించి, ఏ ఫోటో ఎవరు ఎందుకు తీశారో అడగమనేవాడు. 1991లో ఆ దేశంతోపాటే ఆ పత్రికా పోయింది.

1979 జనవరి సంచిక గురించి మా వీధిలో చాలాకాలం చెప్పుకున్నారు. పుస్తకం మధ్యలో పల్చటి ప్లాస్టిక్ రికార్డు ఒకటి ఉంది. రోజర్ పేన్ అనే శాస్త్రవేత్త సముద్రంలో రికార్డు చేసిన హంప్‌బ్యాక్ తిమింగలాల పాటలు. కోటీ అయిదు లక్షల ప్రతులు అచ్చువేసి ప్రపంచమంతా పంపారట. వాటిలో ఒకటి మా సందులోకి వచ్చింది. తాత ఇంట్లో రికార్డు ప్లేయరు ఉంది, కొడుకు వచ్చినప్పుడు తెచ్చిచ్చింది. తెల్లవారుజామున ఎమ్మెస్ సుబ్బులక్ష్మి సుప్రభాతం పెట్టడానికి తప్ప దాన్ని ముట్టుకోనిచ్చేవాళ్లు కాదు. ప్లాస్టిక్ రికార్డు జారిపోకుండా మీద ఒక నాణెం పెట్టి నాయన ముల్లు ఆనించాడు. మొదట నీళ్ల హోరు. తర్వాత ఎక్కడో లోతునుంచి మూలుగు, దాని వెంట సన్నటి కూత, మళ్లీ మూలుగు. గుడి గంట మోగితే ఆగి, మళ్లీ మొదటినుంచి పెట్టించుకున్నాం. అవ్వ చెంప మీద చెయ్యేసుకుని విని, "ఇది ఏడస్తా ఉందా, పాడతా ఉందా?" అంది. పాడేది మగ తిమింగలాలేనని, ఒకచోట ఉన్నవన్నీ ఒకే పాట పాడతాయని, ఏటికేడు ఆ పాట మారుతుందని నాయన వ్యాసం చదివి చెప్పాడు. సముద్రం చూడని పిల్లలు ఆ వీధిలో సగంమంది ఉన్నారు. వాళ్లు సముద్రాన్ని మొదట చెవులతో విన్నారు.

కొన్ని సంచికలతో మడతపెట్టిన మ్యాపు వచ్చేది. తాత దాన్ని మైదా జిగురుతో లోపలి గోడకు అంటించేవాడు. ఆసియా మ్యాపు వచ్చినప్పుడు దానిమీద మన కస్టమ్స్‌వాళ్ల రబ్బరు ముద్ర ఉండేది, ఇందులో చూపిన భారత సరిహద్దులు సరైనవి కావని. పరాయిదేశం గీసిన మ్యాపును ఎక్కడ నమ్మకూడదో మన సర్కారే ముద్ర కొట్టి చెప్పేది. నాయన దాన్ని పాఠంగా వాడుకున్నాడు. గీత గీసింది ఎవరు, ఎవరికి నచ్చలేదు, మధ్యలో ఉన్న ఊరివాళ్లు ఏమంటారు అని ఒక్కొక్కటే అడిగేవాడు.

అవ్వకు కావలసింది వేరే. కొడుకుండే ఊరు ఎంత దూరం? గోడ మీది ప్రపంచ మ్యాపులో, మిషిగన్ రాష్ట్రంలో ఆ ఊరి దగ్గర నాయన ఎర్ర చుక్క పెట్టాడు. అవ్వ పూలు కట్టే దారం తీసుకుని తిరుపతి మీద ఒక కొస నొక్కి పట్టి, ఇంకో కొస ఆ చుక్క దాకా లాగింది. అరేబియా మీదుగా, ఉత్తర ఆఫ్రికా మీదుగా, అట్లాంటిక్ దాటి పోయింది దారం. "ఇది దగ్గరి దారి కాదవ్వా" అన్నాడు నాయన. తాత పాత సరుకులోంచి గుండ్రటి ఇత్తడి బిందె తెప్పించి, దాని కడుపు మీద సుద్దముక్కతో తిరుపతినీ మిషిగన్‌నూ గుర్తుపెట్టి, అదే దారాన్ని బిగించి చూపాడు. దారం దానంతటది పైకి జరిగి, ఉత్తరధ్రువం దగ్గరనుంచి పోయింది. తిరుపతికి దాదాపు భూమి అవతలివైపున ఉన్న రేఖాంశం మీద ఆ ఊరుంది కాబట్టి, దగ్గరిదారి రష్యా దాటి, మంచుసముద్రం దాటి, కెనడా మీదుగా దిగుతుంది. చదునైన కాగితం ఆ సంగతి చెప్పలేదు, బిందె చెప్పింది. అవ్వ ఆ సుద్దగుర్తులు చెరిపెయ్యనివ్వలేదు. "మావోడు మంచు అవతల ఉండాడు" అని వచ్చినవాళ్లకల్లా చెప్పేది. కొడుకు ఆ పుస్తకం ఎందుకు పంపించాడో నాకు అప్పుడు తెలిసింది. తాను వెళ్లిన దూరాన్ని అమ్మ చేత్తో తాకి చూసుకోవాలనే ఆయన పంపించింది.

ఆ పుస్తకంలో నాకు నొప్పి కలిగించిన సంగతీ ఉంది. 1985 జూన్ సంచిక అట్ట మీద ఆకుపచ్చ కళ్ల అఫ్గాన్ అమ్మాయి బొమ్మ వచ్చింది. మెక్‌కరీ 1984లో పెషావర్ దగ్గర శరణార్థి శిబిరంలో తీసింది. అప్పటికి అవ్వ చూపు మందగించింది. పుస్తకం ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూసి, "ఈ బిడ్డ పేరేమి?" అంది. నేను వెతికాను. అట్ట మీద లేదు, లోపల లేదు. "పేరు రాయలేదవ్వా" అన్నాను. "పేరడక్కుండా ఫోటో ఎట్ట తీస్తారు?" అంది. ప్రపంచమంతా చూసిన ఆ ముఖానికి 17 ఏళ్లపాటు పేరు లేదు. 2002లో వెతుక్కుంటూ మళ్లీ వెళ్లి కనుక్కుంటే తెలిసింది, ఆమె పేరు షర్బత్ గులా అని. 2018 ఏప్రిల్‌లో ఆ పత్రికే ఒక చరిత్రకారుడితో తన పాత సంచికలు పరిశీలింపజేసుకుని, దశాబ్దాల పాటు తాము రాసిన తీరులో జాత్యహంకారం ఉందని అచ్చులో ఒప్పుకుంది. నల్లవాళ్లను, ఆదివాసులను, మనలాంటి దేశాలవాళ్లను వింత వస్తువులుగా చూపించామంది. ఆ సంపాదకీయం చదివినప్పుడు నాకు అవ్వ అడిగిన మాట గుర్తుకొచ్చి కళ్లు తడిశాయి. అయినా ఆ పుస్తకం వద్దనను. ప్రశ్న అడగడానికి ముందు ఆ ముఖం మా తిన్నె దాకా రావాలి గదా. తెచ్చింది ఆ పుస్తకమే.

అసలు మేలు ఇంకోటి జరిగింది. తాత ఇంటికి యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం చెప్పే ఒకాయన పాత సంచికల కోసం వచ్చేవాడు. పుస్తకాలు తీసుకుపోయిన కృతజ్ఞతకు ఒక ఆదివారం మా పిల్లల్ని కొండకు తీసుకెళ్లాడు. తిరుమలకు మేం ఎన్నిసార్లు ఎక్కామో. అలిపిరి మెట్లమీద గోవిందా అంటూ తలవంచుకుని ఎక్కడమే తప్ప, కొండను కొండగా చూసింది లేదు. ఆయన 1944లో వేసిన ఘాట్‌రోడ్డు పక్కన ఆపి, రోడ్డు కోసం తొలిచిన బండను చూపించాడు. కింద గట్టి గ్రానైటు, దాని మీద పొరలు పొరలుగా పేర్చినట్టున్న నగరి క్వార్ట్‌జైటు. రెంటి మధ్య ఒక గీత. "ఈ గీత మీద వేలు పెట్టండి" అన్నాడు. పెట్టాం. కింది రాయికీ పై రాయికీ మధ్య కోట్లాది ఏళ్ల కాలం కనబడకుండా పోయింది, మీ వేలికింద ఉన్నది అదే అన్నాడు. పై రాయి ఒకప్పుడు నీళ్లడుగున పేరుకున్న ఇసుక. శ్రీహరికోట దాకా పోతే తప్ప సముద్రం కనబడని మా ఊరికి, నెత్తిమీదే ఒకనాటి సముద్రం ఉందన్నమాట. భూగర్భ పండితులు దాన్ని ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అంటారు. జియొలాజికల్ సర్వేవాళ్లు జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించారు. కొండమీది శిలాతోరణమూ అట్లాంటిదే. విలియం కింగ్ అనే ఆయన 1872లోనే కడప, కర్నూలు రాళ్ల మీద పెద్ద గ్రంథం రాశాడని కూడా ఆ రోజే విన్నాం.

గ్రాండ్ కాన్యన్ పొరల బొమ్మలు మేం అప్పటికే తిన్నె మీద చూసి ఉన్నాం. అందుకే ఆయన చెప్పింది మాకు పట్టింది. చూసిన కళ్లకే మన కొండ కూడా కనబడుతుంది. ఎక్కడో ఉన్న ఊళ్లను చూపించే పుస్తకం పిల్లల్ని తమ ఊరికి దూరం చేస్తుందని అనేవాళ్లను ఇప్పటికీ చూస్తున్నాను. నా అనుభవం దానికి నేరుగా ఎదురు. ఆ తర్వాతే నాయన నా చేత ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర చదివించాడు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉన్న వీరాస్వామయ్య 1830 మేలో బయలుదేరి, తిరుపతి, కడప, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు దారిన కాశీకి పోయి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చాడు. ఏ ఊళ్లో బస దొరుకుతుంది, నీళ్లు ఎట్లాంటివి, దారి రాళ్లా ఇసుకా, అంగళ్లలో ఏం దొరుకుతాయి, ఎక్కడ ఏ భాష మొదలవుతుంది అన్నీ రాశాడు. మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లె దాన్ని 1838లో అచ్చువేయించాడు. వాషింగ్టన్లో ఆ 33 మంది కూడడానికి సరిగ్గా యాభై ఏళ్ల ముందు. అవ్వ అడిగిన ప్రశ్నలకు జవాబులు రాసిన తెలుగు పుస్తకం అదొక్కటే నేను చదివింది. ఆ దారిలో మనవాళ్లు నెలనెలా ఇంటికొచ్చే భూగోళ పత్రిక ఒకటి పెంచుకోలేకపోవడం నాకు ఇప్పటికీ దుఃఖమే. జియోగ్రాఫిక్ 1995లో జపాన్ భాషతో మొదలుపెట్టి ఎన్నో భాషల్లో వచ్చింది, తెలుగులో రాలేదు.

అన్వేషణ అనేది పరాయి ఖండాల పని కాదని చెప్పే సంగతులు మన చుట్టూ జరుగుతూనే ఉన్నాయి. 1900 తర్వాత ఎవరి కంటా పడక, అంతరించిందనుకున్న కలివికోడి 1986 జనవరిలో కడప జిల్లా లంకమల అడవుల్లో దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీవాళ్లు పక్షి బొమ్మలు పట్టుకుని పల్లెల్లో ఆరా తీస్తే, అడవి ఎరిగిన స్థానికులే దాన్ని పట్టి చూపించారు. ఆ సొసైటీ 1883లో పుట్టింది, జియోగ్రాఫిక్ కంటే అయిదేళ్లు పెద్దది. సభ్యత్వం కట్టినవాళ్లకు హార్న్‌బిల్ అనే పత్రిక పంపుతారు. ఆ 1980ల్లోనే కుప్పం, పలమనేరు అడవుల్లోకి తరతరాలుగా లేని ఏనుగులు తమిళనాడు వైపునుంచి దిగాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. ఆఫ్రికా ఏనుగుల బొమ్మలు చూసిన మా వీధి పిల్లలు, మన ఏనుగుల చెవులు చిన్నవి, వీపు గుండ్రం అని తేడా చెప్పగలిగారు. అది విని నాయన మురిసిపోయాడు.

తాత పోయాక చందా అవ్వ పేరుకు మారింది. ఆమె చూపు పూర్తిగా తగ్గాక కూడా కొడుకు మాన్పించలేదు. నేను చదివి చెబితే వినేది. ఆమె కూడా పోయాక ఇల్లు అమ్మేశారు. ఇప్పుడక్కడ నాలుగంతస్తుల లాడ్జీ ఉంది. మా సందులో తిన్నెలేవీ మిగల్లేదు. యాత్రికులకు గదులు కావాలి, ఊరు బతకాలి, దాన్ని తప్పుపట్టను. కానీ సాయంత్రం పదిమంది కలిసి ఒకే పేజీ చూసే చోటు పోయింది. 1998లో నేషనల్ జియోగ్రాఫిక్ చానెల్ మన దేశంలోకి వచ్చింది, తర్వాత తెలుగులో కూడా మాట్లాడింది. టీవీలో ఏనుగు పరుగెత్తుతుంది, నిజమే. పేజీ తిప్పకుండా ఆపి "ఈళ్లకు నీళ్లెట్ట?" అని అడిగే వ్యవధి అందులో లేదు. అమెరికాలోనూ జియోగ్రాఫిక్ చిక్కిపోయింది. 1980ల చివర్లో అక్కడ కోటీ ఇరవై లక్షల మంది చందాదారులుండగా, 2022 ఆఖరుకు పద్దెనిమిది లక్షల లోపుకు వచ్చారు. 2023లో జీతం మీద పనిచేసే రచయితల్లో మిగిలినవాళ్లనూ తీసేశారు, మరుసటి ఏడాది నుంచి అమెరికా అంగళ్లలో అమ్మడమూ ఆపేస్తామని ప్రకటించారు. మన దగ్గర 2021లో విపుల, చతుర, తెలుగు వెలుగు పత్రికలు ఆగిపోయాయి. పోస్టుమాన్ మా వీధికి ఇప్పుడు బ్యాంకు కాగితాలూ ఆధార్ కార్డులూ తెస్తాడు.

అయితే చందా కట్టాలా వద్దా? నన్నడిగితే, ఇంట్లో ఎనిమిదేళ్లు దాటిన పిల్లలుంటే కట్టండి. వార్తల కోసం కాదు, అవి ఫోనులో ముందే వస్తాయి. ఫోను మనం అడిగినదాన్నే మళ్లీ మళ్లీ చూపిస్తుంది. చందా కట్టిన పత్రిక మనం అడగని దేశాన్ని, అడగని జంతువును ఇంటికి తెస్తుంది. తిమింగలం పాట కావాలని మా వీధిలో ఎవరూ అడగలేదు. డిజిటల్ చందాలో ఇంకో లాభం, 1888 నుంచీ వచ్చిన సంచికలన్నీ అందులో చదవొచ్చు. పాతవి పిల్లలకు చూపించేటప్పుడు ఈ బొమ్మ తీసిందెవరు, అందులో ఉన్న మనిషి పేరేమిటి అని పక్కన కూర్చుని అడగండి. పెద్దలు పక్కన కూర్చోకపోతే మాత్రం కట్టకండి, అది బీరువాలో బరువే. అమెరికా పత్రిక ఖరీదు ఎక్కువనుకుంటే హార్న్‌బిల్ లాంటివి చూడండి. రెండు మూడు ఇళ్లవాళ్లు కలిసి కట్టుకోండి. మా రోజుల్లో ఒక్క ప్రతి వీధంతా తిరిగేది, అట్ట ఊడితే నాయన సూదీదారంతో కుట్టేవాడు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం 1960 ప్రకారం మనం కట్టే ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్ను కూడా వసూలవుతుంది, రూపాయికి 8 పైసల చొప్పున. తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా పలమనేరులోనైనా సొంతిల్లున్న ప్రతివాళ్లూ ఆ డబ్బు కడుతున్నారు. అది పుస్తకాలకూ పత్రికలకూ కేటాయించిన సొమ్ము. పిల్లల కోసం సొంతంగా చందా కట్టే ముందు ఒకసారి మీ శాఖా గ్రంథాలయానికి వెళ్లి, ఏయే పత్రికలు తెప్పిస్తున్నారో చూడండి. భూగోళం మీద ఒక్కటీ లేకపోతే గ్రంథపాలకుణ్ణి అడగండి, జిల్లా గ్రంథాలయ సంస్థకు ఉత్తరం రాయండి. చిత్తూరుకు నేనూ రాశాను. ఏ పత్రిక కావాలో పేరుతో సహా రాశాను.